ముందు ఫుటేజ్, తర్వాత కంప్యూటర్: ప్రీబిల్ట్‌కూ కస్టమ్ బిల్డ్‌కూ మధ్య నాలుగు వారాల డైరీ

1వ రోజు

ఈ డైరీ మొదలవడానికి కారణం ఒక చిన్న పసుపు చుక్క. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో, సెట్టింగుల్లో చూపించమని చెబితే, మానిటర్ కిటికీ కింద ఒక చిన్న దీపం కనిపిస్తుంది; ఫ్రేములన్నీ వేళకు తెర మీదికి వస్తున్నంతసేపూ అది ఆకుపచ్చగా ఉండి, ఒక్కటి జారిపోయినా పసుపు రంగుకు మారుతుంది. రెండు కెమెరాలతో తీసిన 50 నిమిషాల ఇంటర్వ్యూను నిన్న టైమ్‌లైన్ మీద పరిచి ప్లే నొక్కితే, మాట్లాడే మనిషి మొదటి వాక్యం పూర్తి చేయకముందే దీపం పసుపైంది, గొంతు ముందుకు వెళ్లిపోయి పెదవులు వెనకే ఉండిపోయాయి.

నా దగ్గర ఉన్నది ఐ7-8700 ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, కిందటి ఏడాది వేసిన ఆర్‌టీఎక్స్ 4060 టీఐ 16 జీబీ గ్రాఫిక్స్ కార్డు. కార్డు మారిస్తే పని తేలికవుతుందని నమ్మి అప్పట్లో మార్చాను. రంగుల సవరణ, ఎఫెక్టులు నిజంగానే వేగంగా నడుస్తున్నాయి గానీ, ఏ ఎఫెక్టూ లేని ముడి ఫుటేజ్ మాత్రం అప్పుడు ఎలా నత్తి కొట్టేదో ఇప్పుడూ అలాగే కొడుతోంది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ 100 శాతం దగ్గర రొప్పుతోంది, కార్డు పేజీలో ‘వీడియో డీకోడ్’ (కుదించిన వీడియోను విప్పే పని) అనే గ్రాఫ్ మాత్రం స్కేలుతో గీసినట్టు సున్నా మీద పడుకుని ఉంది. కంప్యూటర్‌లో అన్నిటికన్నా కొత్త భాగం ఖాళీగా కూర్చుంటే, పాత భాగం దాని పని కూడా మోస్తోందన్నమాట. కొత్త కంప్యూటర్ తప్పదనిపించింది. అది తయారుగా దొరికే ప్రీబిల్ట్ కావాలా, విడిభాగాలు తెచ్చి నేనే కట్టుకోవాలా అన్నది తేల్చడానికి నాకు నాలుగు వారాల వ్యవధి ఉంది.

3వ రోజు

కంప్యూటర్ల జాబితాలు చూడడం మానేసి, ముందుగా నా కెమెరాలు రాస్తున్న ఫైళ్లను చూశాను. ఇది మొదటి రోజే చేయవలసిన పని.

నా ఫుటేజ్ 4కె, సెకనుకు 50 ఫ్రేములు, 10-బిట్ (ఛాయల సూక్ష్మత), 4:2:2, హెచ్‌ఈవీసీ కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), సెకనుకు 200 మెగాబిట్లు. ఇందులో ప్రతి ముక్కా కంప్యూటర్ మీద వేరే బరువు వేస్తుంది. ఒక 4కె ఫ్రేములో 83 లక్షల పిక్సెళ్లకు దగ్గరగా ఉంటాయి. మామూలుగా ఫోన్లు, చిన్న కెమెరాలు వాడే 4:2:0 పద్ధతిలో వెలుతురు సమాచారం ప్రతి పిక్సెల్‌కూ ఉన్నా, రంగు సమాచారం నాలుగు పిక్సెళ్ల గుంపుకు ఒకసారే ఉంటుంది. 4:2:2లో రెండు పిక్సెళ్లకు ఒకసారి ఉంటుంది. 10-బిట్ 4:2:2 ఫ్రేము ఒకటి కుదించకుండా ఉంటే దాదాపు 21 ఎంబీ, సెకనుకు 50 ఫ్రేములంటే ఒక జీబీకి కాస్త ఎక్కువే. దాన్ని కెమెరా సెకనుకు 25 ఎంబీకి, అంటే సుమారు 40వ వంతుకు కుదించి మెమరీ కార్డులో పెడుతోంది. ఆ కుదింపంతా విప్పే పని ఎడిటింగ్ కంప్యూటర్‌ది. పైగా హెచ్‌ఈవీసీలో పూర్తి ఫ్రేములు అక్కడొకటి అక్కడొకటి మాత్రమే ఉంటాయి, మధ్యలోవి పక్క ఫ్రేములతో పోల్చి రాసిన తేడాలే. అందువల్ల టైమ్‌లైన్ మీద ఎక్కడో ఒకచోట మౌస్‌తో పట్టుకుని ఆగితే, ఆ ఒక్క ఫ్రేము చూపడానికి దాని చుట్టూ ఉన్నవాటిని కూడా విప్పవలసి వస్తుంది. ప్లే చేసినప్పటికంటే వెనక్కీ ముందుకూ లాగినప్పుడు ఎక్కువ నత్తి కొట్టడానికి కారణం ఇదే.

ఇదే లెక్క ఇంకో సంగతి కూడా చెప్పింది. రెండు కెమెరాలూ కలిసి అడిగేది సెకనుకు 50 ఎంబీ మాత్రమే. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీకి పైగా చదువుతుంది, అంతకన్నా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ, మూడో తరం ఎన్‌వీఎంఈ, దాదాపు 3,500 ఎంబీ చదువుతుంది. ప్రీబిల్ట్ ప్రకటనలు పెద్ద అక్షరాలతో చాటే డిస్కు వేగం నా ఇబ్బందికి ఏ విధంగానూ మందు కాదు. గంటకు ఒక్కో కెమెరా నింపే 90 జీబీకి చోటు కావాలి, అంతే.

6వ రోజు

కొనకుండా గట్టెక్కే దారి ఉందేమోనని ప్రాక్సీలు ప్రయత్నించాను. 4కె క్లిప్పులకు 1080 సైజులో ప్రోరెస్ ప్రాక్సీ నకళ్లు తయారుచేసి వాటితో ఎడిట్ చేస్తే, ఆ పాత యంత్రం మీదే దీపం ఒక్కసారి కూడా పసుపు కాలేదు. 50 ఫ్రేముల దగ్గర ఈ నకళ్లు గంటకు దాదాపు 34 జీబీ తింటాయి, అది భరించదగిన భారమే. తంటా అంతా నకళ్లు తయారయ్యే సమయంతోనే, ఎందుకంటే నకలు తీయడానికి కూడా అసలు ఫైలును విప్పక తప్పదు. ఆ 50 నిమిషాల ఇంటర్వ్యూ రెండు కోణాలకూ మూడు గంటలకు పైగా పట్టింది. పొద్దున తీసింది సాయంత్రానికి ఇవ్వవలసిన పనులు నాకు నెలకు నాలుగైనా ఉంటాయి. అలాంటి తొందర లేనివారికి కొత్త కంప్యూటర్ ప్రస్తావనే అనవసరమని నా అభిప్రాయం. రాత్రి ప్రాక్సీలకు పెట్టి పడుకుంటే సరిపోతుంది.

కేవలం డీకోడింగ్ కోసం ఇంటెల్ ఆర్క్ శ్రేణిలోని చిన్న కార్డును రెండో స్లాట్‌లో వేసుకోవచ్చన్న ఆలోచన కూడా వచ్చింది. అవి 4:2:2 హెచ్‌ఈవీసీని విప్పగలవు. కానీ నా పాత మదర్‌బోర్డులో రెండో పెద్ద స్లాట్ సాటా కేబుళ్లకు అడ్డం పడుతోంది, ఆరు కోర్ల ప్రాసెసర్ మిగతా పనుల్లోనూ వెనకబడుతోంది కనుక వదిలేశాను.

8వ రోజు

ఈ మొత్తం ప్రాజెక్టును మలుపు తిప్పిన రోజు ఇది. నాతో కలిసి సౌండ్, ఎడిటింగ్ చేసే తమ్ముడి లాంటి మిత్రుడు ఆరు నెలల కిందట ఒక ప్రీబిల్ట్ కొన్నాడు: ఐ7-13700ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 కార్డు. నా క్లిప్పులు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లాను. ఆ యంత్రం ముందు కూర్చున్నప్పుడు, ఇలాంటిదే ఒకటి కొనేస్తే పీడా పోతుందని లోలోపల అనుకుంటూనే ఉన్నాను. క్లిప్ పెట్టగానే పసుపు దీపం. నా దానికంటే కొంత మెరుగు, అంతకుమించి ఏమీ లేదు. అక్కడా డీకోడ్ గ్రాఫ్ సున్నాయే.

పక్కనే అతను లెక్కలు రాసుకునే పల్చటి ల్యాప్‌టాప్ ఉంది, 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్, వేరే గ్రాఫిక్స్ కార్డంటూ లేదు. సరదాకి అదే క్లిప్ అందులో పెట్టాం. దీపం ఆకుపచ్చగానే ఉండిపోయింది, డీకోడ్ గ్రాఫ్ గుట్టలా లేచింది, ఫ్యాన్ చప్పుడు కూడా పెరగలేదు.

“అన్నా, ఇంత పెద్ద డబ్బా చేయలేనిది ఈ అట్టముక్క చేస్తోందా?” అన్నాడతను, నొచ్చుకున్నట్టుగా.

చేస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో వీడియోను కుదించడానికీ విప్పడానికీ కేటాయించిన ఒక భాగం ఉంటుంది, 2011 నుంచి దాని పేరు క్విక్ సింక్. డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి అది 10-బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీని విప్పగలదు. నా 8700లోని క్విక్ సింక్ 4:2:0 దగ్గరే ఆగిపోతుంది. ఎన్‌విడియా 40 శ్రేణి కార్డులకు 4:2:2 విప్పే సదుపాయం లేదు, 2025లో వచ్చిన 50 శ్రేణితో అది మొదలైంది. ఇక మిత్రుడి ప్రాసెసర్ పేరు చివర ఉన్న ‘ఎఫ్’ అక్షరానికి అర్థం లోపలి గ్రాఫిక్స్ లేదని. అంటే ఆ పెద్ద పెట్టెలో నా ఫైలును విప్పగల భాగం ఒక్కటీ లేదు, ప్రాసెసర్ కోర్లే ఆ భారం మోయాలి. దీన్ని లోపం అనడానికి వీల్లేదు. అతని కెమెరా 8-బిట్ 4:2:0లో రాస్తుంది, దానికి ఆ కార్డు డీకోడర్ చక్కగా సరిపోతోంది, ఆరు నెలలుగా అతనికి ఒక్క ఫిర్యాదూ లేదు.

12వ రోజు

ఏం వెతకాలో తెలిశాక ప్రీబిల్ట్‌ల జాబితా మళ్లీ తిరగేశాను. నచ్చినవి మూడు మిగిలాయి. వాటిలో రెండింటి ప్రాసెసర్ల పేరు ‘ఎఫ్’తో ముగిసింది, గేమ్‌ల కోసం కట్టే యంత్రాల్లో ఆ అక్షరం తరచుగా కనిపిస్తుంది, ఎందుకంటే గేమ్ ఆడేవారికి లోపలి గ్రాఫిక్స్‌తో పనే లేదు. ఇందులో ఒకదానికి 50 శ్రేణి కార్డు ఉంది కనుక, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తాజా వెర్షన్ అయితే ఆ లోటు పూడుతుంది. కానీ ఆ కార్డు మీద 8 జీబీ మెమరీయే ఉంది, 4కెలో నాయిస్ తగ్గించే ఎఫెక్టులు వేస్తే అది నిండిపోవడం నేను ముందే చూశాను.

మూడోదాన్ని మూత తీసి చూసే అవకాశం దొరికింది. 32 జీబీ ర్యామ్ అన్నది ఒకే స్టిక్, అంటే మెమరీ సగం దారిలోనే నడుస్తుంది. పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే ప్లగ్ మామూలు 24 పిన్నులది కాదు, ఆ తయారీదారు సొంత ఆకారం. రేపు పవర్ సప్లై పోతే బజార్లో దొరికేది అందులో పట్టదు, అదే కంపెనీని ఆశ్రయించాలి. ముందువైపంతా మూసేసిన అద్దం, గాలి వచ్చేది పక్కనున్న సన్నటి చీలికల్లోంచే. అరగంట ఎక్స్‌పోర్ట్ పెడితే ప్రాసెసర్ 100 డిగ్రీల హద్దును తాకి, వేగం తగ్గించుకుని, మళ్లీ పుంజుకుని, మళ్లీ తగ్గుతూ పోయింది. గేమ్‌లో భారం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఎక్స్‌పోర్ట్‌లో చివరి నిమిషం దాకా ఒకే ఎత్తున ఉంటుంది కనుక గాలి ఆడని క్యాబినెట్ అక్కడే దొరికిపోతుంది.

డిస్కు గురించి ‘1 టీబీ ఎన్‌వీఎంఈ’ అని తప్ప మోడల్ పేరు రాయరు. చవక ఎస్‌ఎస్‌డీలు మొదట కొంత భాగాన్ని వేగపు సంచిలా వాడుకుంటాయి, అది నిండాక రాసే వేగం పాతాళానికి పడిపోతుంది. రెండు కెమెరాల గంట ఫుటేజ్ 180 జీబీని ఒక్కసారిగా కుమ్మరించేవారికి ఆ మోడల్ పేరు తెలియకపోవడం చిన్న సంగతి కాదు.

13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్లున్న ప్రీబిల్ట్ కొనేవారు ఇంకొకటి చూసుకోవాలి. ఎక్కువ వోల్టేజీ వల్ల వాటిలో కొన్ని క్రమంగా దెబ్బతింటున్నాయని తేలాక, 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) దిద్దుబాట్లు ఇచ్చి వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ దిద్దుబాటు బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) ద్వారా రావాలి, ప్రీబిల్ట్‌కు బయోస్ ఇచ్చేది దాన్ని కట్టిన కంపెనీ. వారు ఇచ్చారో లేదో కొనేముందే అడగడం మంచిది.

15వ రోజు

ప్రీబిల్ట్ పక్షాన ఉన్న బలమైన వాదన ఒక్కటే, దాన్ని తక్కువ చేయలేను. యంత్రం పాడైతే ఒకే చోటికి ఫోన్ చేస్తే చాలు. కస్టమ్ బిల్డ్‌లో ఒక్కో భాగానికి ఒక్కో వారంటీ. మంచి పవర్ సప్లైకి ఏడు నుంచి పదేళ్లు, ఎస్‌ఎస్‌డీకి ఐదేళ్లు దొరుకుతాయి నిజమే గానీ, తెర నల్లబడినప్పుడు దొంగ ఎవరో పట్టుకునే బాధ్యత మనదే. గడువు నెత్తిమీద ఉన్న రోజున ఆ అపరాధ పరిశోధన ఎంత ఖరీదైనదో ఎడిటర్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అయినా తూకం కస్టమ్ వైపే మొగ్గింది. 16 జీబీ కార్డు నా దగ్గర ముందే ఉంది, రెండు ఎన్‌వీఎంఈలూ ఉన్నాయి. ప్రీబిల్ట్ కొంటే వీటన్నిటికీ రెండోసారి డబ్బు పెట్టినట్టే. పాత యంత్రాన్ని అమ్మకుండా అత్యవసరానికి అట్టేపెట్టుకుంటే గడువు భయమూ కొంత తీరుతుంది, ప్రాక్సీలతో అది ఇప్పటికీ పనికొస్తుంది.

ఎంచుకున్నవి ఇవి. ప్రాసెసర్ కోర్ అల్ట్రా 7 265కె, 20 కోర్లు, పేరు చివర ‘ఎఫ్’ లేదని రెండుసార్లు చదివి మరీ ఆర్డరు పెట్టాను. ర్యామ్ 64 జీబీ డీడీఆర్5, నాలుగు కాకుండా రెండే స్టిక్కులు, ఎందుకంటే నాలుగు స్లాట్లూ నింపితే డీడీఆర్5 తరచు తక్కువ వేగానికి దిగిపోతుంది. ఎన్‌వీఎంఈలు పట్టే ఎం.2 స్లాట్లు మూడు ఉన్న మదర్‌బోర్డు. ఆ ప్రాసెసర్ గరిష్ఠంగా 250 వాట్లు, కార్డు 165 వాట్లు లాగుతాయి కనుక, మిగతావాటికి కొంత వదిలి, 750 వాట్ల పవర్ సప్లై. ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్, రెండు గోపురాల గాలి కూలర్. నీళ్ల కూలర్ అందంగా ఉంటుంది, కానీ పంపు ఆగితే పనంతా ఆగుతుంది. ఫ్యాన్ పోతే ఇంకోటి బిగించుకోవచ్చు.

21వ రోజు

భాగాలన్నీ వచ్చాయి. మిత్రుడు కూడా చేయి వేశాడు. మదర్‌బోర్డు మూలలో ఉండే ప్రాసెసర్ కరెంటు ప్లగ్‌ను కూలర్ బిగించకముందే పెట్టుకోవాలన్నది చదివి కూడా మరిచిపోయి, గోపురం పక్కన రెండు వేళ్లు దూర్చి అరగంట అవస్థపడ్డాను. కూలర్ అడుగున ‘తీసేయండి’ అని రాసి ఉన్న పల్చటి ప్లాస్టిక్ పొరను మాత్రం మిత్రుడు గమనించి ఊడదీశాడు. ర్యామ్ స్టిక్కులు ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో టక్కుమనేదాకా నొక్కాం.

స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. మదర్‌బోర్డు అంచున ర్యామ్ అన్న పేరు పక్కన చిన్న ఎర్ర దీపం వెలిగి ఆరడం లేదు. రెండు నిమిషాలు చూసి ఆపేశాను. మళ్లీ వేశాను, మళ్లీ అదే. “అన్నా, ర్యామ్ పోయినట్టుంది, వెనక్కి పంపేద్దామా?” అని అతను పెట్టె కోసం వెతకడం కూడా మొదలుపెట్టాడు. అప్పుడు మాన్యువల్ తీసి చదివితే తెలిసింది: డీడీఆర్5 మెమరీని మొదటిసారి వేసినప్పుడు బోర్డు దానితో కుదురుకోవడానికి చాలా పరీక్షలు చేసుకుంటుంది, ఎక్కువ ర్యామ్ ఉంటే దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. నేను ఆపిన ప్రతిసారీ అది మొదటికి వస్తోంది. మూడోసారి ముట్టుకోకుండా వదిలేస్తే ఆరో నిమిషంలో బయోస్ తెర వెలిగింది. పెట్టె మీద 6000 అని ఉన్న ర్యామ్ అక్కడ 4800గా కనిపించింది. ర్యామ్‌ను పెట్టె మీది వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఆన్ చేస్తే దాని వేగం దానికి వచ్చింది.

22వ రోజు

విండోస్, డ్రైవర్లు, ప్రీమియర్ వేసి, క్లిప్ పెట్టి, ప్లే నొక్కాను. పసుపు దీపం.

ఆ క్షణంలో నా ముఖం ఎలా ఉందో చూసినవారు లేకపోవడం మేలే. అక్షరం అక్షరం చదివి లోపలి గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ తెచ్చుకున్నాక ఇదేమిటని టాస్క్ మేనేజర్ తెరిస్తే, అందులో ఒకే జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) ఉంది, ఎన్‌విడియాది. ఇంటెల్ జాడే లేదు. విడి కార్డు బిగించి ఉందని గమనించగానే మదర్‌బోర్డు లోపలి గ్రాఫిక్స్‌ను తనంతట తానే ఆపేసింది. బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్‌కు సంబంధించిన వరుసలో ‘ఆటో’ అని ఉంటే దాన్ని ‘ఎనేబుల్డ్’ చేసి, దాని కిందే ఉన్న మల్టీ-మానిటర్ సెట్టింగును కూడా ఆన్ చేశాను. తెర కేబుల్ మాత్రం ఎన్‌విడియా కార్డులోనే ఉంచాను. తర్వాత ఇంటెల్ డ్రైవర్ వేసి, ప్రీమియర్ ప్రిఫరెన్సుల్లో మీడియా విభాగంలోని హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్‌కు టిక్కు పెట్టి, సాఫ్ట్‌వేర్‌ను మూసి తెరిచాను.

జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు వరుసలు కనిపించాయి. ప్లే నొక్కితే ఇంటెల్ డీకోడ్ గ్రాఫ్ లేచి నిలబడింది, ప్రాసెసర్ చల్లబడింది, రెండు కోణాలూ పక్కపక్కన పూర్తి సైజులో నడుస్తుంటే దీపం ఆకుపచ్చగా ఉంది. రంగుల సవరణ వేశాను, అప్పుడు ఎన్‌విడియా గ్రాఫ్ లేచింది. విప్పే పని ఒకరిది, రంగు వేసే పని ఒకరిది. కిందటి ఏడాది కొన్న కార్డు ఇన్నాళ్లకు తన వాటా పని తాను చేస్తోంది.

28వ రోజు

వారం పాటు అసలు పనుల మీద నడిపి చూశాను. ఒక రాత్రంతా మెమరీ పరీక్ష పెట్టాను, తప్పులు రాలేదు. గంటసేపు ఎక్స్‌పోర్ట్ పెట్టినా వేగం పడిపోలేదు, ఫ్యాన్ చప్పుడు మైక్ ఉన్న గదిలో కూడా ఇబ్బంది పెట్టలేదు. 1వ రోజు మొరాయించిన ఇంటర్వ్యూను ప్రాక్సీ లేకుండానే కోసి ఇచ్చేశాను.

నిన్న మాత్రం దీపం మళ్లీ పసుపైంది. వెతికితే, రెండో కెమెరాను ఎవరో హెచ్.264 అనే పాత కోడెక్‌లో 10-బిట్ 4:2:2కు మార్చి తీశారు. నా ప్రాసెసర్‌లోని క్విక్ సింక్ హెచ్‌ఈవీసీలో విప్పే అదే 4:2:2ను హెచ్.264లో విప్పడం లేదు. ఆ క్లిప్పులకు ప్రాక్సీలు చేసుకుని పని ముగించాను. రెండు కెమెరాల మెనూల్లోనూ ఫార్మాట్‌ను హెచ్‌ఈవీసీకి మార్చి, ‘దీన్ని ముట్టుకోవద్దు’ అని రాసిన కాగితం ముక్కను బ్యాటరీ మూత మీద అంటించాను. మిత్రుడు కూడా వచ్చే నెల 10-బిట్ కెమెరాకు మారతానంటున్నాడు. అతని ప్రీబిల్ట్ మూత తీసి చూశాం: రెండో స్లాట్ ఖాళీగా ఉంది, పవర్ సప్లై మామూలు రకమే. 6వ రోజు నేను వదిలేసిన ఆర్క్ కార్డు అతనికి సరిగ్గా పట్టేలా ఉంది, రేపు కొలత తీసుకోవాలి.